టస్కనీకి అప్పు చేసి వెళ్లాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇద్దరం ఉద్యోగులమే. ఈ ఆగస్టులో మా పదో పెళ్లిరోజు. ఇటలీలోని టస్కనీ ఊళ్లు ఫ్లోరెన్స్, సియెనా, పీసా, లూకా చూడాలని మావారికి ఎప్పటి నుంచో కోరిక. ట్రావెల్ ఏజెంటు తొమ్మిది రాత్రులకు ఇద్దరికీ కలిపి 6.4 లక్షలు చెప్పారు. ఎఫ్‌డీలో 3 లక్షలు ఉన్నాయి. మిగతాదానికి 13 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఖర్చులన్నీ పోను నెలకు 28 వేలు మిగులుతాయి. అక్కడ కారు అద్దెకు తీసుకోవడమే మేలని ఒక స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ ఈ ఆగస్టులో వద్దు, ఆ లోన్‌తో అసలే వద్దు.

3.4 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 11,450 దాకా పడుతుంది. తీరేసరికి వడ్డీయే 72 వేలు, అంటే ఇంచుమించు ఒకరి విమానం టికెట్. పైగా ఎఫ్‌డీ ఖాళీ. సియెనా వాళ్లు 1339లో తమ కెథడ్రల్‌ను ఇంకా పెద్దది చేయాలని పని మొదలుపెట్టారు. 1348లో ప్లేగు వచ్చి ఊరు కుదేలైంది, పని ఆగిపోయింది. సగంలో నిలిచిన ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది, టికెట్ కొని పైకి ఎక్కవచ్చు కూడా. అత్యవసర నిధి గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు నాకు ఆ గోడే గుర్తొస్తుంది. మీ 3 లక్షలు ముట్టుకోకండి.

ఆ 28 వేలను 15 నెలల ఆర్‌డీలో వేయండి. 6.5 శాతం వడ్డీ అనుకున్నా దాదాపు 4.38 లక్షలు చేతికొస్తాయి. వచ్చే ఏడాది అక్టోబరుకు వెళ్లొచ్చు. పెళ్లిరోజు దాటిపోతుందని మావారు అలుగుతారంటారా? ఆగస్టులో అక్కడ ఎండ, జనం, ధరలు మూడూ ఎక్కువే. ఆగస్టు 16న సియెనాలో పాలియో గుర్రప్పందెం, ఆ రోజుల్లో అక్కడ గది దొరకడమే కష్టం.

ఆ డబ్బు సరిపోతుందా? మీరే బుక్ చేసుకుంటే సరిపోతుంది. యూరో 105 రూపాయలనుకుని నేను వేసిన లెక్క ఇది: విమానాలకు 1.5 లక్షలు, రాత్రికి 110 యూరోల గది చొప్పున 1.04 లక్షలు, తిండికి 63 వేలు, రైళ్లు, బస్సులు, మ్యూజియాలకు 41 వేలు, వీసా, ఇన్సూరెన్స్‌కు 25 వేలు. మొత్తం 3.83 లక్షలు. మిగిలింది యూరో పెరిగితే ఆదుకుంటుంది. హోటళ్లు మనిషికి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా తీసుకుంటాయి, అదీ అందులోంచే. వీసాకు మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు. నెలనెలా పెరిగిన పొదుపు కనిపించడం, ఉన్నట్టుండి పడ్డ లోన్ సొమ్ము కనిపించడం ఒకటి కాదు.

ఇక కారు మాట. స్నేహితుడు చెప్పింది పల్లెల వైపు ద్రాక్షతోటల్లో తిరగడానికైతే నిజమే. మీరు రాసినవన్నీ పాత కోట ఊళ్లు. వాటి నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని బోర్డులుంటాయి, అనుమతి లేని బండి లోపలికి పోకూడదు. ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా ఫొటో తీస్తుంది. మీరు ఇంటికొచ్చి ఆ సంగతే మరచిపోయిన కొన్ని నెలలకు జరిమానా నోటీసు వస్తుంది. మీ వివరాలు అందించినందుకు అద్దె కంపెనీ కోసుకునే రుసుము వేరే. ఒకే దారిలో రెండుసార్లు వెళ్తే రెండు జరిమానాలు.

ఫ్లోరెన్స్ నుంచి పీసాకు రైల్లో గంట, లూకాకు గంటన్నర లోపే. ప్రాంతీయ రైళ్ల ధర మారదు, ముందే కొనాలన్న టెన్షన్ లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లోని మెషీన్‌లో ముద్ర వేయించుకోండి, లేకపోతే అదీ జరిమానాయే. సియెనాకు మాత్రం బస్సు మేలు. రైల్వే స్టేషన్ కొండ కింద ఉంటుంది, బస్సు పాత ఊరి అంచు దాకా తీసుకెళ్తుంది.

కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే మారకపు రేటు ఆ మెషీన్ వాళ్లు పెట్టిందే. ఫారెక్స్ కార్డులో (ముందే యూరోలు నింపుకునే కార్డు) డబ్బు ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతల్లో వేసుకోండి.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ చిత్రశాల కూడా. ఆ క్యూ చూశాక డబ్బు కట్టడమే నయమనిపించవచ్చు. లూకా కోట గోడ మీద నాలుగు కిలోమీటర్ల నడకకు మాత్రం ఏ రోజూ టికెట్ లేదు.