పాత రైఫిల్‌ను "రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకోండి" అంటే తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నా పేరున తుపాకీ లైసెన్సు ఈమధ్యే మంజూరైంది, ఆయుధం ఇంకా కొనలేదు. విజయవాడలో ఉండే పరిచయస్తుడు ఒకరు, సైన్యంలో చేసి రిటైరయ్యారు, తన పాత .315 (గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో) బోల్టు రైఫిల్, అంటే ప్రతి తూటాకూ చేత్తో కడ్డీ లాగి మూసే రకం, అమ్ముతానంటున్నారు. చూడ్డానికి అచ్చం మిలిటరీ .303 లాగే ఉంది. "ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లండి, రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకోండి, కాగితాల సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. గొట్టం ఒకసారి మార్పించానని కూడా మాటల్లో అన్నారు. కొనవచ్చా? ఏమేం చూసుకోవాలి?

జవాబు: కొనవచ్చు. కానీ ఆయన చెప్పిన వరసలో మాత్రం వద్దు. తుపాకీ ముందు, కాగితాలు తర్వాత అన్నచోట నష్టపోయేది ఎప్పుడూ కొన్నవారే. ఎందుకో చూడండి.

ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5(2) ప్రకారం, సొంతానికి ఉంచుకున్న తుపాకీని డీలర్ కాని వ్యక్తి కూడా అమ్ముకోవచ్చు. అయితే ఫలానా ఆయుధాన్ని ఫలానా చిరునామాలో ఉన్న ఫలానా వ్యక్తికి అమ్మబోతున్నానని జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ ముందే రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. అప్పుడే తుపాకీ చేతులు మారాలి. ఆయన ఈ నియమం తప్పితే సెక్షన్ 25(3) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ లైసెన్సులో ఎక్కని రైఫిల్ మీ బీరువాలో దొరికితే మీకు పడేది సెక్షన్ 25(1బి). 2019 సవరణ తర్వాత అది రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు, పైగా జరిమానా. ఆయన ఎందుకంత తేలిగ్గా మాట్లాడుతున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

"రెండు రోజులే కదా" అనే వాదన కోర్టులో నిలబడదు. లైసెన్సుదారు ఎదుట గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ మరొకరు తుపాకీ మోయవచ్చని సెక్షన్ 3 అంటుంది. అదీ రిపేరుకు, లైసెన్సు రెన్యువల్‌కు, లేదా ఆ లైసెన్సుదారు వాడుకోవడానికి మాత్రమే. కొనబోయేవారు ఇంట్లో పెట్టుకుని చూడటం ఈ మూడింటిలో దేనికిందికీ రాదు. అందుకని తుపాకీని ఆయనే తన లైసెన్సుతో పాటు పట్టుకుని లైసెన్సున్న ఆయుధాల డీలర్ దుకాణానికి రావాలి. అక్కడి మెకానిక్ చేత, ఆయన ఎదుటే, మీరు చూపించుకోవాలి.

ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. పోలీస్ కమిషనర్ ఉన్న ప్రాంతంలో ఈ చట్టం దృష్టిలో జిల్లా మేజిస్ట్రేట్ అంటే కమిషనరే. కాబట్టి అమ్మే ఆయన సమాచారం ఇవ్వాల్సింది విజయవాడ పోలీస్ కమిషనర్‌కు గానీ, తన దగ్గరి స్టేషన్‌కు గానీ. మీ లైసెన్సు పని మాత్రం గుంటూరు కలెక్టరేట్‌లో. ఆయన ఇచ్చే లేఖ రెండు కాపీలు తీయించి, ఒకదానిపై తేదీతో అందినట్టు ముద్ర వేయించమనండి. 45 రోజుల లెక్క ఆ ముద్ర తేదీ నుంచే. ఆ కాపీ జిరాక్సు మీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇవ్వండి, అధికారులు అభ్యంతరం చెబితే డబ్బు వాపసు అన్న షరతు కాగితం మీద రాయించుకోండి.

ఆయన లైసెన్సు పుస్తకం అసలు ప్రతి అడిగి చూడండి. గడువు మిగిలి ఉందా, యూనిక్ ఐడెంటిఫికేషన్ నంబర్ ఉందా, ఈ రైఫిల్ అందులో ఎక్కి ఉందా అన్నవి ముఖ్యం. ఆయన పేరున ఎన్ని తుపాకులున్నాయో కూడా అడగండి. 2019 డిసెంబరు సవరణతో ఒక మనిషికి మూడుగా ఉన్న పరిమితి రెండుకు తగ్గింది. మూడోదాన్ని ఏడాదిలోపు అప్పగించాలన్నారు. మీకు చూపిస్తున్నది అప్పగించకుండా మిగిల్చుకున్న ఆ మూడోది అయితే, దాన్ని అమ్మే హక్కే ఆయనకు ఉండకపోవచ్చు. తండ్రి పేరున ఉన్న తుపాకీ అయితే ముందు వారసత్వం తేలాలి. అప్పటిదాకా అది స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్‌లో ఉండాల్సిందే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గొట్టం మార్పించారన్న మాట. సైన్యం వాడే తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదన్న బ్రిటిష్ కాలపు విధానం వల్లే మనకు .315 వచ్చింది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .303 లేదా 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాను లోపలికి తీసుకుని పేల్చగల రైఫిల్, అది బోల్టుదైనా సరే, నియంత్రిత (రెస్ట్రిక్టెడ్) వర్గం. మీకు మంజూరైన మామూలు లైసెన్సు దానికి చాలదు. పాత .315 గొట్టం అరిగిపోయి, లైసెన్సున్న రిపేరుదారు దగ్గర కొత్త .315 గొట్టమే వేయించి ఉంటే, బిల్లు ఉంటే, ఇబ్బంది లేదు. .303 గొట్టం తీసి .315 బిగించినా, .315 తీసి .303 బిగించినా, అది ఒక వర్గం ఆయుధాన్ని ఇంకో వర్గంలోకి మార్చడం. లైసెన్సు లేకుండా అలా చేస్తే సెక్షన్ 6 కింద నేరం. బిల్లు చూపలేకపోతే బేరం అక్కడితో ఆపేయండి. .303 తూటా పెట్టి పరీక్షిద్దామన్న ఆలోచన మాత్రం వద్దు, ఆ తూటా మీ దగ్గర ఉండటమే మరో కేసు.

ఇక తుపాకీ సంగతి. ముందుగా మెకానిక్ మ్యాగజైన్ ఊడదీసి, బోల్టు వెనక్కి లాగి, ఖాళీ అని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకోవాలి. ఆ తర్వాత నంబరు. లీ ఎన్‌ఫీల్డ్ (పాత మిలిటరీ .303) తరహాలో గొట్టం బిగిసే చోట కుడివైపున ఒకటి, బోల్టు పిడి మీద ఒకటి ఉంటాయి. రెండూ ఒకటే కావాలి. పలచటి తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. దాన్ని లైసెన్సు పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. గుమాస్తా 7కు బదులు 1 రాయడం, ముందున్న ఇంగ్లిష్ అక్షరం వదిలేయడం మామూలే. అలాంటిదేమైనా ఉంటే ఆయన తన లైసెన్సులో సరిచేయించుకున్నాకే ముందుకెళ్లండి. అంకెల దగ్గర లోహం కాస్త పల్లంగా ఉన్నా, ఆకురాయి గీతలు కనిపించినా, అక్కడొక్కచోటే కొత్త నలుపు పూసి ఉన్నా చేయి వెనక్కి తీసుకోండి. నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గరుంటే వారే చెరిపారని సెక్షన్ 8 భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం మీది.

బోల్టు తీసేసి, గొట్టం ఒక చివర టార్చి పెట్టి రెండో చివర నుంచి చూడాలి. గాడులు పదునుగా, మెలిక తిరుగుతూ కనిపించాలి. పాతరకం తూటాల క్యాపుల్లోని రసాయనం కాలాక ఉప్పులాంటిది మిగిలి తేమను పీలుస్తుంది. కృష్ణా తీరపు ఉక్కపోతలో శుభ్రం చేయకుండా వదిలేస్తే లోపల గుంటలు పడతాయి. గొట్టంలో నల్లటి ఉంగరంలా గీత కనిపిస్తే ఎప్పుడో తూటా అడ్డుపడి గొట్టం ఉబ్బిందని అర్థం. ఆ రైఫిల్ వద్దు. కర్ర కింద దాగిన భాగంలో తుప్పు బయటికి కనపడదు, ముందు కర్ర ఊడదీయించే చూడాలి. వెనుక కర్ర లోహానికి ఆనే చోట సన్నటి పగులు ఉందేమో కూడా చూడండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది బోల్టు మూశాక తూటా వెనుక మిగిలే సందు. అది పెరిగితే పేలినప్పుడు తూటా తొడుగు అడుగు దగ్గర చీలి, మంట ముఖం మీదికి రావచ్చు. దీన్ని కొలవడానికి రెండు గేజిలు ఉంటాయి. ఒకటి పెడితే బోల్టు మూసుకోవాలి, రెండోది పెడితే మూసుకోకూడదు. గొట్టం మార్చారంటున్నారు కాబట్టి మీ విషయంలో ఈ పరీక్ష తప్పదు. గేజి లేదంటే ఆ రైఫిల్లో పేల్చిన ఖాళీ తొడుగు అడగండి. అడుగు దగ్గర చుట్టూ మెరిసే గీత ఉంటే సందు పెరిగినట్టే. చివరగా ఖాళీ రైఫిల్ బోల్టు ఎక్కుపెట్టి, వెనుక కర్రను రబ్బరు సుత్తితో తట్టించండి. ట్రిగ్గర్ ముట్టకుండా తూటాను కొట్టే సూది జారితే రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాల్సిందే.

45 రోజులు గడిచాక అమ్మకపు పత్రంలో తయారీదారు పేరు, బోరు, నంబరు, మారిన గొట్టం వివరం రాయించండి. మీ లైసెన్సులో ఆయుధం ఎక్కించడం, ఆయన లైసెన్సులోంచి తీసేయించడం రెండూ జరగాలి. ఇంకొకటి. ఆయన దగ్గర మిగిలిన తూటాలు ఊరికే సంచిలో వేసి ఇస్తారు. తూటాలకూ అదే సెక్షన్, అవే 45 రోజులు. మొదటి లేఖలోనే వాటి లెక్క రాయకపోతే ఆ సంచి ఆయనకే ఇచ్చేయండి.