డాక్టరుకు చూపించాల్సిందే, కానీ చర్మం డాక్టరుకు

కాకినాడ నుంచి ఒక ఇల్లాలు రాశారు. భర్తకు 63 ఏళ్లు, కిందటేడాది రిటైరయ్యారు. కారు అమ్మేశాక ఖాళీగా ఉన్న షెడ్డులో మార్చి నుంచి పడవ కడుతున్నారట. పదకొండు అడుగుల పడవ. ప్లైవుడ్ షీట్లు, డబ్బాల కొద్దీ రెసిన్ జిగురు, రాగి తీగ, ఫైబర్ గుడ్డతో షెడ్డు నిండిపోయింది. లక్షన్నర దాటి ఉంటుందని ఆవిడ అంచనా, అడిగితే లెక్క చెప్పరు. వీధిలో నవ్వుతున్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు ‘నాన్నకు మతి పోయింది, డాక్టరుకు చూపించు, నేను సంక్రాంతికి కారులో వస్తున్నాను, ఈలోగా షెడ్డు ఖాళీ చేయించు’ అంటున్నాడు. ఇంట్లో పడవ ఉంటే వాస్తు దోషమా, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలా, ఎలా మాన్పించాలి అని ఆవిడ అడుగుతున్నారు. ఉత్తరం మధ్యలో ఇంకో మాట ఉంది: ‘ఆగస్టులో షెడ్డులో ప్లాస్టిక్ మగ్గులోంచి పొగ రావడం చూసి, వీడియో తీసి అబ్బాయికి పంపాను. వాడు ఫోన్ చేసి స్పీకర్ పెట్టమని వాళ్ల నాన్నను గట్టిగా మందలించాడు. పనిమనిషి కూడా అక్కడే ఉంది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు, భోజనం కూడా షెడ్డులోకే పట్టుకెళ్తారు.’

అమ్మా, వాస్తు దోషం లేదు. పిచ్చి అంతకన్నా లేదు. ఆ రెండూ వదిలేయండి.

మొదట తెచ్చిన షీట్ల మీద 303 అని ఉందని తిప్పి పంపేశారనీ, కొట్టువాడితో అరగంట గొడవ పడ్డారనీ మీరే రాశారు. మతి పోయిన మనిషి ఐఎస్ఐ నంబరు చూసి సరుకు వెనక్కి పంపడు. 303 ప్లై అల్మరాలకు సరిపోతుంది. పడవకు కావాల్సింది 710, అంటే మెరైన్ ప్లై. 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదని దానికి పరీక్ష. మీవారికి తను చేసే పనేమిటో తెలుసు.

లోకంలో ఎవరైనా ఇంట్లో పడవ కట్టుకుంటారా అని మీ అబ్బాయి ఎగతాళి చేశాడన్నారు. కట్టుకుంటారు. 1963లో ఇంగ్లండులో డైలీ మిర్రర్ పత్రిక తన పేరు మీదే ఒక చిన్న పడవను జనంలోకి తెచ్చింది. జాక్ హోల్ట్ అనే పడవల డిజైనరు, టీవీలో ఇంటి రిపేర్లు నేర్పే బ్యారీ బక్నెల్ కలిసి గీసిన నమూనా అది. ప్లైవుడ్ ముక్కల అంచులకు కన్నాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్ టేపు పరిచి రెసిన్‌తో అతికించేయడమే. పొడవు పది అడుగుల పది అంగుళాలు. అలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి, వాటిలో ఎన్నో మామూలు జనం ఇళ్లలో కట్టుకున్నవే. అంత దూరం ఎందుకు, చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసూలా పడవలు మన కోస్తాలో అలలకు ఎదురు వెళ్లేవి. పడవలు కట్టే తాళ్లరేవు, కోరంగి పక్కన పెట్టుకుని కాకినాడ వాళ్లు పడవను చూసి నవ్వడమే నాకు వింతగా ఉంది.

సరే, అసలు సంగతికి వద్దాం. షీట్లు వచ్చింది మార్చిలో. మాట ఆగింది ఆగస్టులో. మధ్యలో ఐదు నెలలు ఆయన పడవ పని చేస్తూనే మీతో మాట్లాడారు. తీగ కుట్టేటప్పుడు ‘ఈ చివర కాస్త పట్టుకో’ అని పిలిచారు కూడా. మీరు సీరియల్ వస్తోందని వెళ్లలేదు, ఇస్త్రీ బండి కుర్రాడు వచ్చి పట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆయన అలగలేదు. మరి మీ మాటల మధ్య అడ్డం పడింది పడవ ఎలా అవుతుంది?

ఆ మగ్గు గురించి చెప్తాను. రెసిన్‌లో అది గట్టిపడటానికి వేసే హార్డెనర్ కలిపితే వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే ఆ వేడి పోతుంది. మీ ఊరి ఉక్కలో మగ్గు నిండా కలిపి ఒక్క పది నిమిషాలు పక్కన పెడితే, వేడి బయటికి పోలేక లోపలే పెరిగి, మగ్గు వంకర పోయి పొగ లేస్తుంది. ఈ పని కొత్తగా మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి ఇది జరుగుతుంది. ఆ పొగ పీల్చకూడదు, మగ్గు ఆరుబయట పెట్టేయాలి, ఆ తర్వాత కొద్దికొద్దిగా కలుపుకోవాలి. మీరు భయపడటంలో తప్పేమీ లేదు. కానీ భయపడ్డ పెళ్లాం ‘ఏమండీ, పొగ!’ అని కేకేస్తుంది. మీరు వీడియో తీశారు.

అది మొదటి వీడియో కూడా కాదు. ‘రోజూ ఏం చేస్తున్నారో అబ్బాయికి ఫోటోలు పెడుతూనే ఉంటాను, నా మాట ఎలాగూ వినరు, వాడి చేతైనా చెప్పిద్దామని’ అని రాశారు. ఎంత మామూలుగా రాశారో! మొగుడి మీద కొడుక్కి చాడీలు చెప్పడం అంటారమ్మా దీన్ని. ఫోన్‌లో చెప్పినంత మాత్రాన ఇంకోటి అయిపోదు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియక కాదు. మన తరం ఆడవాళ్లలో చాలామంది మాట ముప్పై ఏళ్లు ఇంట్లో చెల్లలేదు. కొడుకు ఎదిగి నాలుగు రాళ్లు సంపాదించాక, వాడు అంటే ఆయన వింటారని తెలిశాక, ఎక్కడలేని బలం వస్తుంది. ఆ బలం అవసరమైన ఇళ్లున్నాయి. తాగొచ్చి చెయ్యి చేసుకునే మొగుడి మీద, చెప్పకుండా ఇల్లు తాకట్టు పెట్టిన మొగుడి మీద కొడుకును పిలవండి, నేను మీ పక్కనే నిలబడతాను. ప్లైవుడ్ కొన్న మొగుడి మీద కాదు.

ఎంత సంపాదించినా, తండ్రిని పనిమనిషి ముందు మందలించే హక్కు ఏ కొడుక్కీ లేదు. మీ అబ్బాయి చెడ్డవాడని నేననడం లేదు. మీరు పంపిన ఫోటోల్లో అతనికి కనిపించింది దుమ్ము, ఖర్చు, పొగ. దాన్ని బట్టే మాట్లాడాడు. ‘ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు, తప్పు తెలుసు కాబట్టే’ అని మీరు రాసుకున్నారు చూడండి, అక్కడ మీతో నాకు పేచీ. ఎదిగిన కొడుకుతో పనిమనిషి ముందు వాదనకు దిగి ఇంకా చులకన కావడం ఇష్టం లేక ఊరుకున్నారు. ఫోన్ చేతిలో పట్టుకుని స్పీకర్ నొక్కింది మీరు కాబట్టి, కోపం మీ మీద మిగిలింది.

ఇదంతా చదివి ఆయన్ను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. లెక్క చెప్పకపోవడం ఆయన తప్పే, చిన్న తప్పేమీ కాదు. గ్రాట్యుటీ చెక్కు ఆయన పేరు మీద వచ్చి ఉండొచ్చు. పొద్దున్నే క్యారేజీ కట్టి, ఆ జీతంలోనే పిల్లల్ని చదివించి, మిగిల్చింది మీరు. ‘పడవకు ఇప్పటిదాకా ఎంతైంది, ఇంకా ఎంత అవుతుంది, మన మందులకూ ఆసుపత్రికీ ఎంత పక్కన పెట్టారు, కాగితం మీద రాసి చూపించండి’ అని మీరే అడగండి. ఎదురుగా కూర్చుని అడగండి. చెప్పకపోతే మళ్లీ అడగండి. అది మీ హక్కు, దానికి అబ్బాయి సిఫారసు అక్కర్లేదు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఇంకోటుంది, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది అదే. ముంజేతుల మీద దద్దుర్లు, రాత్రిళ్లు గోకుకుంటున్నారు అన్నారు. ఎపాక్సీ రెసిన్, హార్డెనర్ మాటిమాటికీ ఒంటికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే మళ్లీ పోవడం కష్టం, తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. అందుకని డాక్టరుకు చూపించమన్న మీ అబ్బాయి మాట నిజమే, కాకపోతే చర్మం డాక్టరుకు. ఈ వారమే వెళ్లండి. నైట్రైల్ గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. అంటుకున్నది థిన్నర్‌తో కడగకూడదు, సబ్బు వాడాలి. ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) పట్టేటప్పుడు మంచి మాస్కు ఉండాలి. అలకతో షట్టరు దించుకుని ఆ దుమ్ములోనే కూర్చుంటున్నారు కదా, ముందు ఆ షట్టరు పైకి లేవాలి.

ఇక ఆయన ఆ పడవేసుకుని నీళ్లలోకి దిగితే ఎలా అన్న మీ భయం సంగతి. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం చూశాక గోదావరి ఒడ్డున పుట్టిన వాళ్లకే వణుకు పుట్టింది, మీకు పుట్టడంలో వింత లేదు. లైఫ్ జాకెట్ లేకుండా, ఒంటరిగా, వరదల రోజుల్లో దిగనని మాట తీసుకోండి. లంక ఊళ్లో పుట్టి రేవు దాటి బడికెళ్లిన మనిషి, మీరు మర్యాదగా అడిగితే కాదనరు.

ముందు అబ్బాయికి ఫోన్ చేయండి. ఇక ఫోటోలు రావని చెప్పండి. ఆ రోజు అన్నదానికి వాళ్ల నాన్న నంబరుకే చేసి క్షమాపణ చెప్పుకోమనండి. అతను నొచ్చుకుంటాడు, నొచ్చుకోనివ్వండి. ఆ సాయంత్రం ఆయన కంచం ఆయన్నే పట్టుకెళ్లనివ్వకుండా రెండు కంచాలూ మీరే షెడ్డులోకి పట్టుకెళ్లండి. ఇప్పుడు ఆయన బయటి వైపు గుడ్డ పరుస్తూ ఉండొచ్చు. ఒకరు ముడత పడకుండా లాగి పట్టుకుంటే ఇంకొకరు రెసిన్ పూయాలి, ఒక్కడివల్ల సరిగా కాదు. గ్లవ్స్ మీకూ ఒక జత కొనుక్కోండి.

ఆ తర్వాత పడవను తిరగేయడానికి నలుగురు కావాలి. సంక్రాంతికి వస్తే మీ అబ్బాయి కూడా ఒక చెయ్యి వేయొచ్చు. కారు మాత్రం వీధిలో పెట్టుకోమనండి.