సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కావాలో రాసుకున్న ఇన్ని రిక్వైర్‌మెంట్లలో ఏవి ముందు చేయాలో టీమ్ అంతా కలిసి ఎలా తేల్చుకోవాలి?

మీటింగ్‌లో చేతులెత్తించి ఓటింగ్ పెడితే చివరికి తేలేది మేనేజర్ మొదట ఏమన్నాడో అదే. అందుకే ముందు ఎవరి మార్కులు వాళ్లు పక్కవాళ్లకి చూపించకుండా రాసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. నిపుణుల అభిప్రాయాలు విడివిడిగా తీసుకుని ఒక మాటకి తెచ్చే డెల్ఫీ పద్ధతిలో అసలు కిటుకు ఇదే.

నాకు నచ్చేది 100 పాయింట్ల పద్ధతి. తలా 100 ఇచ్చి, ఉన్న రిక్వైర్‌మెంట్లకి పంచమనండి. "అన్నీ అర్జెంటే" అనే మనిషికి కూడా అక్కడ ఏదో ఒకటి తగ్గించక తప్పదు. తప్పనిసరి, ఉండాలి, ఉంటే బాగు, ఇప్పుడొద్దు అని నాలుగు గడులుండే మాస్కో (MoSCoW) పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు కాబట్టే అన్నీ మొదటి గడిలోకి దూరిపోతుంటాయి. థామస్ సాటీ రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతిలో ప్రతి జతనీ పోల్చాలి, 20 రిక్వైర్‌మెంట్లకే 190 పోలికలు, అంత ఓపిక ఎవరికి?

సగటు చూసి మాత్రం సరిపెట్టకండి. లాగిన్‌కి ఓటీపీ పెట్టడానికి సపోర్ట్ మనిషి 40, డెవలపర్ 2 ఇచ్చారనుకోండి, 21 అని రాసేసుకుంటే అసలు గొడవ కనపడదు. ఎందుకంత తేడా అని ఇద్దరినీ అడిగితే, చాలాసార్లు ఒకే లైనుని చెరో రకంగా చదివారని బయటపడుతుంది. ఎంత పని పడుతుందనే అంచనా డెవలపర్లకే వదిలేయండి, దానికీ ఓటింగ్ ఏంటి!