పాత పోలో జీటీ: ఏ ఏడాది బండి మేలు?

ప్రశ్న: హనుమకొండలో ఉంటాను. రోజూ ఆఫీసుకు కాజీపేట, నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్తుంటాను. హుషారుగా నడుపుకోవడానికి సెకండ్‌హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కొందామనుకుంటున్నాను. 2014, 2018, 2021 మోడళ్లు ఒక్కోటి చూశాను. మూడూ ఆటోమేటిక్‌లే. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ వాడకానికి 2021 బండే మేలు. ఈ కారులో ఏడాది కన్నా ముందు చూడాల్సింది గేర్‌బాక్స్.

2013లో వచ్చినప్పటి నుంచి బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధనలు) వచ్చేదాకా జీటీ టీఎస్ఐలో ఉన్నది 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్. 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. దానికి ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్. 2020లో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ మారిపోయాయి: 1.0 లీటర్ మూడు సిలిండర్ల టర్బో, 110 పీఎస్, అదే 175 ఎన్ఎం, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (పొడి క్లచ్‌ల బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని అందించే రకం). అంటే మీరు చూసిన 2014, 2018 బండ్లకు పైన సోకులు మారాయే తప్ప గుండెకాయ ఒకే రకం. 2021ది వేరే బండి.

డీఎస్‌జీ గేర్లు మార్చే తీరు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. హైవే మీద దానికి సాటి లేదు. చిక్కంతా ఊళ్లోనే. అందులో రెండు పొడి క్లచ్‌లుంటాయి, వాటిని చల్లార్చే ఆయిల్ ఉండదు. బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం జరుపుతుంటే క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. వరంగల్ ఎండాకాలంలో, సాయంత్రం హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో రోజూ జరిగేది అదే. ఇక గేర్లు మార్పించే మెకట్రానిక్ యూనిట్ పోతే బండి ఉన్నచోటే ఆగిపోవచ్చు. క్లచ్ సెట్, మెకట్రానిక్ రెండూ లక్షల్లో మాట్లాడే పనులే.

అయినా మనసు 1.2 మీదే ఉంటే 2014 వదిలేసి 2018 చూడండి. దాన్ని పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మరో రోజు రమ్మన్నా ఫర్వాలేదు, వెనక్కి రండి. స్టార్ట్ కాగానే మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి వాల్వులను వేళకు కదిలించే గొలుసు) సాగిందేమో చూపించాలి. 1.2 టీఎస్ఐ ఇంజిన్లలో చైన్‌తో నడిచేవీ బెల్టుతో నడిచేవీ రెండూ ఉన్నాయి. మీ బండిలో ఏదో ఇంజిన్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసులో కనుక్కోండి.

తర్వాత చదును నేల మీద 'డీ'లో పెట్టి బ్రేకు పూర్తిగా వదలండి. యాక్సిలరేటర్ ముట్టకుండా మెత్తగా కదలాలి. ఇంటి ముందు ర్యాంపు మీదికి రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించండి. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లు చూస్తుంది. రెండోది 2, 4, 6, రివర్స్. ముందుకు కదిలేటప్పుడు అదురు ఉంటే మొదటిదాని మీద, రివర్స్‌లో అదిరితే రెండోదాని మీద అనుమానం. మాన్యువల్ మోడ్‌లో ఏడు గేర్లూ ఒక్కోటి వేసి చూడండి. సరి గేర్లు గానీ బేసి గేర్లు గానీ అసలు పడకపోయినా, మీటర్లో గేరు అక్షరం మినుకుమినుకుమన్నా బేరం అక్కడితో ఆపేయాలి. ఇదంతా బాగున్నా తొందరపడొద్దు. బండి బాగా వేడెక్కాక బయటపడే జబ్బులున్నాయి. రద్దీ వేళలో ముప్పావుగంట తిప్పి, ఫాతిమానగర్ వంతెన ఎక్కుతూ ఆగుతూ కదలనివ్వండి.

చివరగా బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు (ఫాల్ట్ కోడ్‌లు) చదివే స్కానర్ పెట్టించండి. పెట్రోలు బంకు పక్కన దొరికే మామూలు స్కానర్ చాలదు, ఫోక్స్‌వ్యాగన్ గేర్‌బాక్స్ లోపలి రీడింగులు చూపేదై ఉండాలి. పాత ఫాల్ట్ కోడ్ పక్కన అది వచ్చినప్పటి కిలోమీటర్లు కూడా కనిపిస్తాయి. మీటర్లో 48,000 ఉండి, కోడ్ పక్కన 71,000 ఉంటే ఇక చెప్పేదేముంది!

2021 బండికి ఇంత హైరానా లేదు. సర్వీసు 15,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందయితే అప్పుడు చేయించారా అని బిల్లులు అడగండి. గేర్‌బాక్స్ ఆయిల్ 60,000 దగ్గర మార్పించుకోవడం మంచిది. ఇంజిన్ మూడు సిలిండర్లది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకు తెలుస్తుంది, అది రోగం కాదు. గేర్లు మీరే మార్చుకోవాలనుంటే ఇదే ఇంజిన్ ఆరు గేర్ల మాన్యువల్‌తో హైలైన్ ప్లస్ పేరున దొరుకుతుంది. మా దృష్టిలో సెకండ్‌హ్యాండ్‌లో అన్నిటికన్నా నమ్మదగ్గ పోలో అదే.

ప్రశ్న: వరంగల్‌లో 2022 పోలో టీఎస్ఐ ఒకటి మరీ చవకగా ఇస్తామంటున్నారు. వరదలో మునిగిందేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అనుమానపడటమే మంచిది. 2023 జులై వరదలో హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి, లోపలి కొసన బురద చార ఉందేమో చూడండి. పైపైన కడిగేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. స్టెప్నీ తీసి గుంట అడుగు, సీట్లు బిగించిన బోల్టుల తుప్పు, కార్పెట్ కింది స్పాంజి చూడండి. స్పాంజి తడి తొందరగా ఆరదు. కిటికీలన్నీ మూసి పది నిమిషాలు ఏసీ వేస్తే ముక్క వాసన వస్తే వదిలేయండి. పాలసీ నంబరు తీసుకుని ఆ బీమా కంపెనీలో క్లెయిమ్ చరిత్ర అడగండి. నీళ్లు తాగిన వైరింగు ఏడాది తర్వాత కూడా ఇబ్బంది పెడుతుంది. ధర ఎంత తగ్గించినా వద్దు.

ప్రశ్న: మాది ఆదిలాబాద్. మహారాష్ట్ర నంబరుతో ఉన్న జీటీ తక్కువకు వస్తోంది. కొనవచ్చా?

జవాబు: బండి బాగుంటే కొనవచ్చు, కానీ తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి ఎంత పడుతుందో ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఆ మొత్తం ధరకు కలిపి చూసుకోండి. చాలాసార్లు ఇక్కడి బండి ధరే తేలుతుంది. అమ్మే ఆయనే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చివ్వాలి. అప్పు మీద కొన్న బండయితే అప్పు తీరిందని బ్యాంకు సంతకంతో ఫారం 35 కూడా. ఈ రెండూ చేతికి రాకముందు అడ్వాన్సు మించి ఇవ్వకండి.