గదిలో కట్టిన పాటకు దారి ఎటు?

ప్రశ్న: పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తూ, రాత్రిళ్లు ల్యాప్‌టాప్‌లో ఎలక్ట్రానిక్ సోల్ (కంప్యూటర్ ధ్వనుల మీద భావోద్వేగంతో పాడే) పాటలు కడుతున్నాను. పెద్ద కంపెనీ అండ లేకుండా ఇలాంటివారు తొలినాళ్లలో ఎలా నిలదొక్కుకున్నారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇలాంటి సంగీతమే చేసే లండన్ గాయకుడు, స్వరకర్త జేమ్స్ బ్లేక్ తొలినాళ్లను గమనించండి. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో సంగీతం చదువుకుంటున్న రోజుల్లోనే, 2009లో, హెమ్‌లాక్ అనే చిన్న లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) ద్వారా ఆయన తొలి రికార్డు వెలువడింది. 2010లో మూడు ఈపీలు (ఆల్బమ్ కన్నా చిన్నవైన, కొన్ని పాటల రికార్డులు) వచ్చాయి. వాటిలో ‘సీఎంవైకే’ కోసం అమెరికన్ గాయనులు కెలిస్, ఆలియా పాడిన పాటల నుంచి గొంతు ముక్కలను తీసుకుని, వాటి శ్రుతిని ఎగువకూ దిగువకూ జరిపి, ముక్కముక్కలుగా తరిగి, కొత్త బాణీగా అల్లారు. ఆ ఏడాది చివరి ఈపీకి వచ్చేసరికి అదే పనితనాన్ని తన గొంతు మీదే ప్రయోగించారు. నా దృష్టిలో అసలు మలుపు అదే. 2011 నాటి తొలి ఆల్బమ్‌లో పియానో, గొంతు, మధ్యమధ్య నిశ్శబ్దం ముందుకు వచ్చాయి. అయితే అప్పటికే పెద్ద సంస్థ తోడైందన్న సంగతి మరవకూడదు. 2013లో రెండో ఆల్బమ్‌కు, బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి దక్కింది.

మీ విషయానికొస్తే, ఇతరుల పాటలోని ముక్కను వాడదలిస్తే రచనకూ రికార్డింగుకూ విడివిడిగా అనుమతి తీసుకోవాలి. కనుక మీ గొంతునో, ఇంట్లోవారి గొంతునో ఫోనులో రికార్డు చేసి, దానినే తరిగి చూడండి. పాటలు విడుదలయ్యాక స్వరకర్తగా ఐపీఆర్‌ఎస్‌లో (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సభ్యత్వం తీసుకుంటే, బహిరంగ ప్రదర్శనలకూ ప్రసారాలకూ రావలసిన రాయల్టీని ఆ సంస్థ వసూలు చేసి పంపుతుంది.