ఆడ లాబ్రడార్ 34 కిలోలుంటే ఎక్కువా? జాతుల బరువుల పట్టికను ఎలా చూడాలి

మీ ఆడ లాబ్రడార్‌కు ఏడాదిన్నర నిండింది, తూకం వేస్తే 34 కిలోలు వచ్చింది, పట్టికలో చూస్తే 25 నుంచి 32 అని ఉంది, తిండి తగ్గించాలా అని అడిగారు. ఏ జాతి పెద్దయ్యాక ఎంత తూగుతుందో కూడా చెప్పమన్నారు. ఇంట్లో ముందు లాబ్రడార్‌నీ, ఆ తర్వాత బీగిల్‌నీ పెంచాను. దిక్కులేని కుక్కల ఆశ్రయంలో కుక్కలకు తూకం వేసే పని కూడా చాలాకాలం చేశాను. పట్టికను చూడండి, కానీ తిండి తగ్గించాలా వద్దా అన్నది దాని పక్కటెముకలు తడిమాకే తేల్చండి.

ముందు అంకెలు. మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలు, ఆడది మీరు చూసినట్టే 25 నుంచి 32. గోల్డెన్ రిట్రీవర్ కాస్త తక్కువ: మగది 30–34, ఆడది 25–29. జర్మన్ షెపర్డ్‌లో మగది 30–40, ఆడది 22–32. డాబర్‌మ్యాన్ మగది 40–45, ఆడది 32–35. రాట్‌వైలర్ మగది సుమారు 50 కిలోలు, ఆడది సుమారు 42 ఉంటుంది. సైబీరియన్ హస్కీ బొచ్చు చూసి చాలామంది ఎక్కువ ఊహించుకుంటారు గానీ మగది 20–28, ఆడది 16–23 మాత్రమే. బీగిల్ సుమారు 9–11, పగ్ 6–8, షిట్జూ 4.5–7.5. చివావా 3 కిలోలు దాటకూడదంటారు.

పెద్ద జాతులకొస్తే గ్రేట్ డేన్ మగది 63–79, సెయింట్ బెర్నార్డ్ మగది 64–82, ఇంగ్లిష్ మాస్టిఫ్ మగది 73 నుంచి 100 దాటి కూడా ఉంటుంది. జోర్బా అనే మాస్టిఫ్ 1989లో 155 కిలోలకు పైగా తూగి గిన్నిస్ రికార్డుకెక్కింది. అలాంటి బరువు కోసం మేపడం కుక్కకు చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఈ అంకెలు ఎక్కడివక్కడ ఒకేలా ఉండవు. పొమరేనియన్‌కు బ్రిటన్ కెన్నెల్ క్లబ్ (కుక్కల జాతులకు ప్రమాణాలు రాసే సంస్థ) మగదానికి 1.8–2, ఆడదానికి 2–2.5 కిలోలు రాస్తే, అమెరికా కెన్నెల్ క్లబ్ రెండింటికీ కలిపి 1.4 నుంచి 3.2 దాకా ఒప్పుకుంటుంది. ఆడదానికే ఎక్కువ బరువు రాసిన జాతి నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఇక ‘టీకప్’ అని అమ్మేవి వేరే జాతి కాదు. మామూలు కన్నా చిన్నగా పుట్టిన పిల్లలకు పెట్టిన అమ్మకపు పేరు అది, దాని వెంట పడకండి.

బరువు ఒక్కటే ఎందుకు చాలదో చూడండి. మగ గ్రేహౌండ్ భుజం దగ్గర 71–76 సెంటీమీటర్ల ఎత్తు. మగ సెయింట్ బెర్నార్డ్ కనీసం 70. ఎత్తులో దగ్గర దగ్గరగా ఉన్నా సెయింట్ బెర్నార్డ్ గ్రేహౌండ్‌కు రెట్టింపు తూగుతుంది. ఎముక లావు, ఛాతీ వెడల్పు, కండ అన్నీ వేరు. ఒకే జాతిలోనూ ఇంతే. వేట పనికి పెంచే వంశాల లాబ్రడార్లు సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటాయి. ప్రదర్శనలకు పెంచే వంశాలవి ఛాతీ వెడల్పుగా, దిట్టంగా ఉంటాయి. మొదటి రకానికి 34 కిలోలు కచ్చితంగా ఎక్కువే, రెండో రకంలో పొడగరి ఆడదానికి అంత ఎక్కువ కాకపోవచ్చు.

అందుకే చేత్తో చూడాలి. మీ చేతిని ఎదురుగా చాపి, రెండో చేతి వేళ్లతో దాని వెనకవైపు మెటికల కింద నిమరండి. సన్నని చర్మం కింద ఎముకలు తెలుస్తాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించి మెటికల మీద తడిమితే తగిలినట్టు పొడుచుకొస్తుంటే బక్కచిక్కిందని అర్థం. అరచేతి కండ మీద నొక్కినట్టు మెత్తగా ఉండి ఎముక దొరక్కపోతే కొవ్వు పట్టింది. తర్వాత పైనుంచి చూడండి, పక్కటెముకల వెనక నడుము లోపలికి వంపు తిరగాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లాగినట్టు ఉండాలి. వెటర్నరీ డాక్టర్లు దీన్నే 1 నుంచి 9 దాకా బాడీ కండిషన్ స్కోర్‌గా వేస్తారు. 4, 5 సరైనవి. 5 దాటాక ఒక్కో మెట్టుకూ సుమారు 10–15 శాతం అదనపు బరువని లెక్క. హస్కీ, పొమరేనియన్ లాంటి బొచ్చు కుక్కల్లో కన్ను మోసపోతుంది, చేయి మోసపోదు.

కిలోల్లో కాకుండా శాతంలో ఆలోచించడం కూడా అలవాటు చేసుకోండి. రెండు కిలోలు పెరగడం మీ లాబ్రడార్‌కు 6 శాతం, 10 కిలోల బీగిల్‌కు 20 శాతం. రెండున్నర కిలోల చివావాకైతే 300 గ్రాములే 12 శాతం. మా బీగిల్‌ను నెలకోసారి తూచేవాళ్లం. నేను ఒక్కణ్నే ఎక్కి ఒకసారి, దాన్ని ఎత్తుకుని ఇంకోసారి, రెండింటి తేడా. చిన్న జాతులకు ఈ పద్ధతి పనికిరాదు, గ్రాములు చూపే వంటింటి తూకమే కావాలి.

లాబ్రడార్ సంగతి ప్రత్యేకం. 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఈ జాతిలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపం కనిపెట్టారు. సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో అది ఉంది. ఉన్నవాటికి ఆకలి ఎక్కువ, బరువూ ఎక్కువ. మా లాబ్రడార్ గిన్నె ఖాళీ చేసిన మరుక్షణం నుంచే తర్వాతి పూట కోసం మా వెంట తిరిగేది. ఆ చూపును చూసి జాలిపడి పెడుతూ పోతే దానికే నష్టం. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 48 లాబ్రడార్లను ఒకే ఈతలోని వాటిని జతలుగా తీసుకుని పెంచారు. జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. నన్ను పూర్తిగా మార్చేసిన విషయం ఇది.

మీ ఆడదానికి గర్భం రాకుండా ఆపరేషన్ చేయించి ఉంటే, తర్వాత దానికి కావలసిన శక్తి ఇరవై, ముప్పై శాతం దాకా తగ్గుతుంది. గిన్నెలో మాత్రం అంతే పోస్తూంటాం. ఏడాదిన్నరకు లాబ్రడార్ ఎత్తు పెరగడం ఆగిపోయి ఉంటుంది, ఛాతీ ఇంకొన్నాళ్లు నిండుతుంది. కాబట్టి ‘ఇంకా పెరుగుతోందిలే’ అని వదిలేయకండి.

పక్కటెముకలు సులువుగా తగిలి, నడుము కనబడితే 34 కిలోలైనా అలాగే ఉంచండి. తగలకపోతే డాక్టర్‌కు చూపించి, వారానికి 1 శాతం, అంటే 340 గ్రాముల చొప్పున తగ్గించండి. 31 కిలోలకు రావడానికి రెండు నెలలు పైనే పడుతుంది, తొందరపడొద్దు. తిండిని గిన్నెతో కాక గ్రాముల్లో తూచి పెట్టండి, రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు మించకుండా చూడండి. కొలిచి పెడుతున్నా బరువు దిగకపోతే థైరాయిడ్ పరీక్ష చేయమని అడగండి.