బెడ్‌లైటు సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర!

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. రాత్రి రెండు మూడుసార్లు బాత్‌రూమ్‌కు లేస్తుంది. ట్యూబులైటు వేసి ఉంచితే నిద్ర పట్టదంటుంది, ఆర్పేస్తే తూలుతుంది. పోయిన వారం గోడకు తల కొట్టుకుంది. నిద్ర కోసం నెలన్నరగా నాన్నగారి ఆల్‌ప్రాజోలం వేసుకుంటోంది. ఏ రంగు బెడ్‌లైటు మంచిది?

జవాబు: మీరు బల్బు రంగు అడిగారు గానీ, నా భయమంతా ఆ మాత్ర గురించే. ఒకరికి రాసిన నిద్రమాత్ర ఇంకొకరు ఎలా వేసుకుంటారండీ? ఈ వయసులో అది ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. అర్ధరాత్రి లేచేసరికి మత్తు దిగదు, కాళ్లలో పట్టుండదు. అలాగని రేపే ఆపేయకండి. ఇన్నాళ్లు వాడాక ఒక్కసారిగా మానేస్తే వణుకు, అసలే నిద్ర పట్టకపోవడం, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టరే చూసి చెప్పాలి. దాని బదులు మగతనిచ్చే జలుబు మాత్రలు మొదలుపెట్టారో, తికమక, మూత్రం బిగుసుకోవడం తోడవుతాయి.

తలకు తగిలిన దెబ్బను తేలిగ్గా తీసుకోకండి. తలనొప్పి, మగత, మాట తడబాటు ఉన్నా, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు వాడుతున్నా ఇవాళే చూపించండి. లోపలి రక్తస్రావం వారాల తర్వాత బయటపడొచ్చు.

పడుకున్న 5 నిమిషాలకు బీపీ చూసి, నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే తూలడానికి అదీ ఒక కారణం కావచ్చు. మూత్రం ఎక్కువచేసే బీపీ మాత్ర సాయంత్రం పడుతోందేమో కూడా అడగండి.

ఇక లైటు. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే నిలదొక్కుకునే భారం ఎక్కువగా కళ్ల మీదే పడుతుంది, అందుకే చీకట్లో తూలుతారు. ట్యూబులైటు తెల్లకాంతేమో నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. మనిషి కదిలితే వాటంతటవే వెలిగే నారింజ రంగు చిన్న మోషన్ సెన్సర్ లైట్లు మోకాలి కన్నా కింద, మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ గుమ్మం దాకా పెట్టండి. బల్బు నేరుగా కంట్లో పడకూడదు. చాలామంది మరిచేది బాత్‌రూమ్ లోపలి లైటు. అక్కడ తెల్లగా వెలిగితే తిరిగొచ్చేటప్పుడు కొన్ని నిమిషాలు దారి కనబడదు, పెద్ద వయసు కళ్లు చీకటికి సర్దుకోవడం ఆలస్యం. అక్కడా మసక లైటే పెట్టండి. లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని మరీ నిలబడమనండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లోని మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, నాన్నగారివి కూడా. ఆయన ఆల్‌ప్రాజోలం ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరు రాయలేదు.